కాచినా పోని విషం పాలల్లోకి ఎలా వస్తుంది?

2013 మొదట్లో సెర్బియాలో ఓ వింత జరిగింది. పాలల్లో అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం పరిమితికి మించి ఉందని తేలి జనం గగ్గోలు పెడుతుంటే, ప్రభుత్వం ఆ పరిమితినే కిలోకి 0.05 మైక్రోగ్రాముల నుంచి 0.5కి పెంచేసింది. నిన్న పనికిరాని పాలు ఇవాళ చట్టప్రకారం మంచి పాలయిపోయాయి. మనం నవ్వడానికి లేదు, మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన పరిమితి కూడా 0.5యే, అమెరికాదీ అంతే. 0.05 అన్నది యూరోపియన్ యూనియన్ లెక్క.

అసలు తేడా వచ్చింది పాలల్లో కాదు, మొక్కజొన్నలో. 2012 వేసవిలో అక్కడ ఎండలు మండిపోయి, వానల్లేక వాడిన కంకులకి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పట్టింది. ఆ గింజలు దాణాలో కలిశాయి. బూజు తయారుచేసే బి1 అనే విషాన్ని వదిలించుకోడానికి ఆవు కాలేయం దాన్ని కాస్త మార్చి ఎం1గా చేస్తుంది, అందులో కొంత పాలల్లోకి దిగుతుంది. పొద్దున తిన్నది మర్నాటికల్లా పాలల్లో తేలుతుంది. ఇది క్రిమి కాదు చావడానికి, అందుకే మూడు పొంగులు వచ్చేదాకా కాచినా, ఫ్రిజ్‌లో పెట్టినా లాభం లేదు. వాసన రాదు, రుచీ మారదు.

మన దగ్గర ముందు చూడాల్సింది వేరుశనగ చెక్కని, అంటే గింజల నూనె తీశాక మిగిలే, పశువులకి పెట్టే పిప్పిని. ఈ విషం బయటపడిందే దానివల్ల: 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుక్కుంటూ పోయి బ్రెజిల్ నుంచి వచ్చిన చెక్క దగ్గర ఆగారు. అనంతపురం లాంటి చోట్ల కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేస్తే బూజు పొలంలోనే మొదలవుతుంది, మిగతా పని పాకలో జరుగుతుంది. చెక్క బస్తాలు గోడకి ఆనించి నేలమీదే పేరుస్తారు, వానాకాలం చెమ్మ కిందినుంచి ఎక్కుతుంది, అడుగు బస్తా విప్పితే ముక్కల మీద పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి, ముక్కిన వాసన. చెక్క ధర చూస్తే పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? గేదెకి పెట్టేస్తారు.

ఒక లెక్క వేద్దాం. కిలోకి 100 మైక్రోగ్రాముల బి1 ఉన్న దాణా ఓ ఆవు రోజుకి 5 కిలోలు తిన్నదనుకోండి, మొత్తం 500. అందులో 2 శాతం పాలల్లోకి వస్తే 10 మైక్రోగ్రాములు. ఆవు 10 లీటర్లు ఇస్తే లీటరుకి 1, అంటే మన పరిమితికి రెట్టింపు. అదే దాణాలో 20 మాత్రమే ఉంటే పాలల్లో 0.2 వస్తుంది: మనకి పాస్, యూరప్‌లో ఫెయిల్.

2018లో ఎఫ్ఎస్ఎస్ఏఐ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 368 ఈ ఎం1 పరీక్షలో తప్పాయి. ఆరోగ్యానికి హాని చేసే కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే. వాట్సాప్‌లో మాత్రం యూరియా పాల వీడియోలే తిరుగుతుంటాయి. పైగా ఈ విషం విడి పాలకంటే ప్రాసెస్ చేసిన పాలల్లోనే ఎక్కువ కనిపించింది.

చీజ్ సంగతి ఇంకా చిత్రం. ఎం1 పాలలోని కేసిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, కేసినేమో చీజ్‌లో పోగుపడుతుంది. సుమారు 10 లీటర్ల పాలు కిలో చీజ్ అయినప్పుడు విషంలో సగానికి పైగా విరిగిన నీళ్లతో పోయినా, మిగిలింది చిన్న ముద్దలో చిక్కబడి పాలకంటే మూడు నుంచి ఐదు రెట్లు తేలుతుంది. చీజ్ పైన కనపడే బూజు వేరే కథ, ఇది శుభ్రంగా మెరిసే ముక్కలోనూ ఉండొచ్చు. నెయ్యి వాళ్లకి టెన్షన్ లేదు, కొవ్వులోకి పోయేది చాలా తక్కువ.

ఒక గ్లాసు పాలతో ఎవరికీ ఏమీ కాదు. ఎం1 బి1 అంత ఘాటైనదీ కాదు. బి1 నేరుగా ఒంట్లోకి వెళితే ఏమవుతుందో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో కనపడింది, బూజు మొక్కజొన్న తిని నూరుమందికి పైగా పోయారు, మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే వెళ్లి తేల్చారు. పాల విషయంలో భయం ఏళ్ల తరబడి రోజూ తాగడం గురించి, ముఖ్యంగా ఒంటి బరువుతో పోలిస్తే పాలు ఎక్కువ తాగే చిన్నపిల్లల గురించి. ఆ దాణా ఆపేస్తే మాత్రం మూడు నాలుగు రోజుల్లో ఆవు పాలు మళ్లీ బాగుపడతాయి.