మందుల మీద ఒక జపాన్ పాట

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు జపాన్ కార్టూన్ల పాటలు నోటికి పాడేస్తుంటే విని, నాకూ సరదా పుట్టి ఆ దేశపు పాత పాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాను. అందులో ఒకటి నన్ను పట్టుకుని వదలడం లేదు. పేరు ‘కుసురి ఓ తకుసాన్’. అంటే ‘బోలెడన్ని మందులు’. తాయెకో ఓనుకి అనే గాయని తనే రాసి, తనే బాణీ కట్టి పాడింది. 1977లో రికార్డు వచ్చేనాటికి ఆవిడ వయసు 23 ఏళ్లు.

ముందు అర్థం జోలికి పోకుండా వినండి. దరువు మంచి హుషారుగా ఉంటుంది, కాలు దానంతటదే ఆడుతుంది. గొంతులో సాగదీతలూ విరుపులూ లేవు, పక్కింటి అక్కయ్య పని చేసుకుంటూ కూనిరాగం తీసినట్టు తేటగా ఉంటుంది. ఇప్పుడు అర్థం తెలుసుకుని మళ్లీ పెట్టుకోండి. అంత హాయిగా పాడుతున్నది ఏమిటనుకున్నారు? డాక్టర్లు గుప్పెళ్లకొద్దీ మందులు ఇచ్చేయడం గురించి, జనం మారుమాట లేకుండా మింగేయడం గురించి! కోపం ఉంది, కానీ గొంతు మాత్రం ఎక్కడా పెంచదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఆ కోపానికి కారణాలున్నాయి. 1961 కల్లా జపాన్‌లో అందరికీ ఆరోగ్య బీమా వచ్చింది. నిజంగా గొప్ప పని. అయితే అక్కడ చాలావరకు డాక్టర్లే మందులు కూడా ఇచ్చేవారు. తాము కొన్న ధరకీ, బీమా చెల్లించే ధరకీ మధ్య తేడా వాళ్లకే మిగిలేది. అంటే ఎన్ని మందులిస్తే అంత లాభం. దానికి తోడు ఇంకో ఘోరం జరిగింది. విరేచనాలకు వాడే క్లియోక్వినాల్ అనే మందు వల్ల పదివేల మందికి పైగా జబ్బుపడ్డారు. కాళ్లు తిమ్మిరెక్కేవి, నడక పోయేది, కొందరికి చూపే పోయింది. ఆ జబ్బుకి స్మాన్ అని పేరు పెట్టారు. మొదట అంటువ్యాధేమోనని జనం బాధితుల దగ్గరికి పోవడానికే భయపడ్డారు. 1970లో ఆ మందు అమ్మకం ఆపించాక గానీ కొత్త కేసులు ఆగలేదు. ఓనుకి పాట వచ్చేనాటికి బాధితులు ఇంకా న్యాయం కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. అలాంటి రోజుల్లో పుట్టిన పాట ఇది.

పాట ఉన్న ఆల్బమ్ పేరు ‘సన్‌షవర్’. వాద్యాల కూర్పు ర్యూయిచి సకమోటోది. అప్పటికి పాతికేళ్ల కుర్రాడు, తర్వాత 1988లో సినిమా సంగీతానికి ఆస్కార్ అందుకున్నాడు. డ్రమ్స్ వాయించింది క్రిస్ పార్కర్, న్యూయార్క్ నుంచి వచ్చిన స్టఫ్ అనే బృందం మనిషి. ఇంతమంది ఉద్దండులు కలిసినా రికార్డు అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు.

నలభై ఏళ్ల తర్వాత, 2017లో, టీవీ టోక్యో కార్యక్రమం ఒకటి విమానాశ్రయంలో దిగిన విదేశీయులను ‘ఎందుకొచ్చారు’ అని అడుగుతుంటే, ఒక అమెరికన్ ‘సన్‌షవర్ రికార్డు కోసం’ అన్నాడు. ఒక్క నల్ల రికార్డు కోసం సముద్రం దాటి వచ్చాడన్నమాట! దాంతో సొంత దేశంలోనే ఆ ఆల్బమ్ మీద మళ్లీ ఆసక్తి లేచింది. 2019లో సియాటిల్‌కు చెందిన లైట్ ఇన్ ద అట్టిక్ అనే రికార్డుల సంస్థ ‘పసిఫిక్ బ్రీజ్’ అనే సంకలనంలో ఈ మందుల పాటను చేర్చింది. నాకు దొరికింది అందులోనే.

ఇది విని డాక్టర్లను తిట్టుకోకండి. నా బీపీ మాత్ర నేను రోజూ తప్పకుండా వేసుకుంటాను. చీటీలో కొత్త మందు కనబడితే మాత్రం ఇది దేనికి, ఎన్నాళ్లు వాడాలి అని అడుగుతాను. ఏ మంచి డాక్టరూ ఆ ప్రశ్నకు విసుక్కోడు.

వినేటప్పుడు ఒకసారి పాటని వదిలేసి డ్రమ్స్ మీదే చెవి పెట్టండి. అదే ఆల్బమ్‌లో ‘తోకాయ్’ అని ఇంకో పాట ఉంది, నగరం మీద. అదీ విని, రెంటిలో మీకేది నచ్చిందో, ఎందుకు నచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య