మరకానా బెంచ్: రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్‌లో కోచ్‌లు ఎందుకు నిలవరు?

2022 ఆగస్టు 23 రాత్రి. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో, అభిమానులు మరకానా అని పిలిచే సొంత మైదానంలో, ఇజ్రాయెల్ క్లబ్ మకాబీ హైఫాతో ఫుట్‌బాల్ క్లబ్ రెడ్ స్టార్ మ్యాచ్. హైఫాలో జరిగిన మొదటి మ్యాచ్ 3-2తో పోయింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తారు. ఇక్కడ 2-1తో ముందున్నారు, ఇంకొక్క గోల్ పడితే ఛాంపియన్స్ లీగ్‌లోకి (యూరప్ క్లబ్‌ల అతిపెద్ద పోటీ, పాత పేరు యూరోపియన్ కప్) అడుగు పెట్టినట్టే. ఆట చివరి నిమిషాల్లో మిలాన్ పావ్కోవ్ కాలికి తగిలిన బంతి సొంత గోల్‌లోకే పోయింది. నాలుగేళ్ళ కిందట ఇదే మైదానంలో లివర్‌పూల్ మీద రెండు గోల్స్ కొట్టి హీరో అయిన పావ్కోవే. కొద్ది రోజులకే కోచ్ దెయాన్ స్టాన్కోవిచ్ రాజీనామా చేశారు. వరసగా మూడు లీగ్ టైటిళ్ళు తెచ్చిన కోచ్ ఆయన. 2020-21లో అయితే 38 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా 108 పాయింట్లు సాధించారు.

ఏడాది తిరిగేసరికి రెడ్ స్టార్ బెంచ్ మీద కొత్త కోచ్ కనిపించారు. పేరు బరాక్ బఖార్. ఆ రాత్రి హైఫా కోచ్ ఆయనే. మనల్ని కొట్టినవాణ్ణే తెచ్చి మన ఇంట్లో కూర్చోబెట్టుకోవడం ఈ క్లబ్‌కి కొత్తేమీ కాదు. ముప్పై ఏళ్ళ కింద ఒకసారి అలాగే చేస్తే యూరోపియన్ కప్పే ఇంటికొచ్చింది. ఈసారి రాలేదు. ఛాంపియన్స్ లీగ్ గ్రూపులో ఒక్క పాయింట్ దగ్గర ఆగిపోయారు. డిసెంబరు నాటికి బఖార్ కూడా వెళ్ళిపోయారు.

ఈ క్లబ్‌లో కోచ్ మారితే పత్రికల్లో రెండు రోజులు గోల, మూడో రోజు మామూలే. స్థిరత్వం లేదు, ఓపిక లేదు అని అందరూ అనే మాటే. చరిత్ర తిరగేస్తే మాత్రం ఆ మాట సగమే నిజమనిపిస్తుంది.

రెడ్ స్టార్‌ని సెర్బియన్లు త్స్ర్‌వేనా జ్వెజ్దా అంటారు, అంటే ఎర్ర నక్షత్రం. ఇంట్లో పిలిచేది ఉత్త జ్వెజ్దా. 1945 మార్చి 4న పుట్టింది. సెర్బియా అప్పట్లో యుగోస్లావియాలో భాగం. మొదటి యుగోస్లావ్ లీగ్ టైటిల్ 1951లో వచ్చింది. 1964 నాటికి ఏడు టైటిళ్ళు చేరాయి. ఆ రోజుల్లోనూ కోచ్‌లు మారుతూనే ఉండేవారు, కానీ అప్పటి జనానికి గుర్తున్నది ఆటగాళ్ళే: రాయ్‌కో మితిచ్, ఆ తర్వాత ద్రగోస్లావ్ షెకులారాత్స్.

తెలుగువాళ్ళకి ఇక్కడొక చిన్న చుట్టరికం ఉంది. హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా ఉన్న భారత జట్టు 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. 1956 మెల్‌బోర్న్ సెమీఫైనల్లో మళ్ళీ వాళ్ళే ఎదురై 4-1తో గెలిచారు. 1952 యుగోస్లావ్ జట్టులో బ్రాంకో స్టాన్కోవిచ్, 1956 జట్టులో షెకులారాత్స్ ఉన్నారు. ఇద్దరూ తర్వాత రెడ్ స్టార్ కోచ్‌లయ్యారు.

ఈ క్లబ్‌లో కోచ్ అనే పదవికి బరువు తెచ్చింది మిల్యాన్ మిల్యానిచ్. 1966లో బాధ్యత తీసుకునేనాటికి ఆయన కుర్రాళ్ళ జట్లతో పనిచేసి ఉన్న మనిషి. పేరున్న పాతవాళ్ళని పక్కకు జరిపి, చిన్నవాళ్ళని ముందుకు తెచ్చారు. మొదటి సీజన్లో టైటిల్ రాలేదు. ఇప్పటి లెక్క ప్రకారమైతే అక్కడే ఇంటికి పంపేసేవారు. అప్పట్లో పంపలేదు. 1968, 69, 70ల్లో వరసగా మూడుసార్లు, 1973లో మరోసారి లీగ్ గెలిచారు. 1971 యూరోపియన్ కప్ సెమీఫైనల్లో గ్రీసు జట్టు పనథినయ్‌కోస్‌ని ఇంట్లో 4-1తో కొట్టి, ఏథెన్స్‌లో 3-0తో ఓడి, ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్స్ లెక్కలో వెనకబడి పోటీ నుంచి నిష్క్రమించారు. ఆ తరం అభిమానులు ఆ మ్యాచ్‌ని ఇంటి చావులా తలుచుకుంటారు.

1973 శరత్కాలంలో ఇదే మిల్యానిచ్ జట్టు లివర్‌పూల్‌ని బెల్‌గ్రేడ్‌లో 2-1, ఆన్‌ఫీల్డ్‌లో మళ్ళీ 2-1తో ఓడించింది. లివర్‌పూల్ కోచ్ బిల్ షాంక్లీకి అదే ఆఖరి యూరోపియన్ కప్ మ్యాచ్ అయింది. బంతిని తొందరపడి ముందుకు కొట్టడం మాని, వెనక నుంచి ఓపికగా ఆడటం లివర్‌పూల్ నేర్చుకోవడానికి ఆ ఓటమి ఒక కారణమని ఇంగ్లండ్‌లోనే చెబుతారు. 1974లో మిల్యానిచ్‌ని రియల్ మాడ్రిడ్ తీసుకుపోయింది. అక్కడ మొదటి రెండేళ్ళూ స్పానిష్ లీగ్ గెలిచారు.

ఒకే కోచ్ ఎనిమిదేళ్ళు! ఆ తర్వాత జ్వెజ్దాలో అలాంటిది మళ్ళీ చూడలేదు. అందుకే 'మిల్యానిచ్‌లా ఒకణ్ణి నమ్మి వదిలేయండి' అని ఇప్పటికీ సలహా చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళు మర్చిపోయే సంగతి ఒకటుంది. ఆయన కాలంలో యుగోస్లావ్ ఆటగాడు సుమారు 28 ఏళ్ళు నిండేదాకా విదేశీ క్లబ్‌కి వెళ్ళడానికి వీల్లేదు. ఎడమ వైపు రెక్కలా పరుగెత్తిన ద్రగాన్ జాయిచ్ ఫ్రాన్స్‌లోని బాస్తియాకి వెళ్ళింది 1975లో, 29వ ఏట. అంటే మిల్యానిచ్ ఒక కుర్రాణ్ణి 18 ఏళ్ళకి తీసుకుంటే పదేళ్ళు చేతిలో ఉండేవాడు. కోచ్‌కి ఓపిక చూపించడం క్లబ్‌కి అప్పుడు తేలిక, ఎందుకంటే జట్టు ఎక్కడికీ పోదు.

ఆయన తర్వాత 1977లో గోయ్‌కో జెత్స్ టైటిల్ తెచ్చారు, 1984లో తిరిగొచ్చి ఇంకోటి. మధ్యలో బ్రాంకో స్టాన్కోవిచ్ 1979 యూఈఎఫ్ఏ కప్ (యూరప్‌లో యూరోపియన్ కప్ తర్వాతి స్థాయి పోటీ) ఫైనల్‌దాకా తీసుకెళ్ళారు. జర్మనీ క్లబ్ మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌తో ఇంట్లో 1-1, డ్యుసెల్‌డార్ఫ్‌లో 0-1. తర్వాత రెండేళ్ళూ లీగ్ మాత్రం ఆయనదే.

అసలు కథ 1986 నుంచి. మాజీ ఆటగాడు జాయిచ్ ఫుట్‌బాల్ వ్యవహారాలు, ఒకప్పటి బాస్కెట్‌బాల్ ఆటగాడు వ్లాదిమిర్ త్స్వెత్కోవిచ్ పాలన చూసుకుంటున్న రోజులు. ఐదేళ్ళలో యూరోపియన్ కప్ గెలవాలని కూర్చుని ప్లాన్ వేశారు. నీష్ నుంచి ద్రగాన్ స్టోయ్‌కోవిచ్‌ని, జాగ్రెబ్‌లో డైనమో వదులుకున్న ప్రోసినెచ్కిని, స్కోప్యే నుంచి పాంచెవ్‌ని, మాంటెనెగ్రో నుంచి సావిచెవిచ్‌ని ఒక్కొక్కరినీ ఏరి తెచ్చారు. రొమేనియా నుంచి పారిపోయి వచ్చిన బెలోదెదిచ్ వీళ్ళకి తోడయ్యాడు. స్టెయావాతో 1986లోనే యూరోపియన్ కప్ గెలిచినవాడు.

మరి కోచ్? ఆ ఐదేళ్ళలో నలుగురు! మొదట వెలిబోర్ వాసోవిచ్. ఈయన బద్ధ శత్రువు పార్టిజాన్‌కి ఆడి, 1966 యూరోపియన్ కప్ ఫైనల్లో వాళ్ళ తరఫున గోల్ కొట్టిన మనిషి. తర్వాత అయాక్స్ కెప్టెన్‌గా 1971లో అదే కప్ ఎత్తారు. 1987లో రియల్ మాడ్రిడ్‌ని బెల్‌గ్రేడ్‌లో 4-2తో కొట్టి, మాడ్రిడ్‌లో 2-0తో ఓడి ఇంటికొచ్చారు. 1988లో లీగ్ గెలిపించి వెళ్ళారు. మళ్ళీ బ్రాంకో స్టాన్కోవిచ్ వచ్చారు. 1988 నవంబరు 9న ఏసీ మిలాన్ మీద 1-0తో ముందుండగా పొగమంచు కమ్మి ఆట ఆపేశారు. మర్నాడు మొదటి నుంచి ఆడించారు. 1-1 డ్రా, పెనాల్టీల్లో ఓటమి. పొగమంచు ఇంకో అరగంట ఆగి దిగి ఉంటే, మిలాన్ కథ వేరేగా ఉండేదని బెల్‌గ్రేడ్ వాళ్ళు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. ఆ సీజన్ లీగ్ టైటిల్ నోవీ సాద్‌లోని వోయ్‌వోదినాకి పోయింది.

తర్వాత షెకులారాత్స్. మైదానంలో ఎంత చిలిపో బెంచ్ మీదా అంతే. 1990లో లీగూ కప్పూ రెండూ గెలిచారు. అయినా ఉంచలేదు. 1989లో వోయ్‌వోదినాని ఛాంపియన్ చేసిన ల్యుప్కో పెత్రోవిచ్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. బఖార్ సంగతి చెప్పినప్పుడు గుర్తుచేసింది ఈయన్నే.

పెత్రోవిచ్‌కి దొరికింది ఒక్క సీజన్. సెమీఫైనల్లో బయర్న్ మీద మ్యూనిక్‌లో 2-1. బెల్‌గ్రేడ్‌లో 2-2, అదీ చివరి నిమిషంలో ఆగెన్‌థాలర్ సొంత గోల్ పుణ్యమా అని. 1991 మే 29న ఇటలీలోని బారిలో ఫ్రాన్స్ క్లబ్ మార్సేతో ఫైనల్. అంతవరకు కళ్ళు చెదిరే ఆట ఆడిన జట్టు ఆ రాత్రి 120 నిమిషాలు గోడ కట్టుకుని కూర్చుంది. ఎదురు దాడికి చోటివ్వకూడదన్నది పెత్రోవిచ్ లెక్క. పెనాల్టీల్లో 5-3. చూసేవాళ్ళకి విసుగు పుట్టిన మ్యాచే, కాదనలేం. కానీ కప్పు మీద ఆట అందం చెక్కరు కదా. ఏడాది ముందు మార్సేకి అమ్ముడైన స్టోయ్‌కోవిచ్ ఆ రాత్రి ఎదుటి బెంచ్ మీద ఉన్నాడు. చివర్లో మైదానంలోకి వచ్చి కూడా, పాత క్లబ్ మీద పెనాల్టీ కొట్టనన్నాడు.

నలుగురు కోచ్‌లు మారినా ప్లాన్ మారలేదు. పైన కూర్చున్న ఇద్దరూ మారలేదు, ఆటగాళ్ళని ఎవరు తేవాలో నిర్ణయించే చెయ్యి ఒకటే. అందుకే అంత చలనం ఉన్నా జట్టు కూలలేదు. కోచ్ స్థిరంగా ఉంటేనే విజయం అనేవాళ్ళకి నేనెప్పుడూ చూపించేది ఆ ఐదేళ్ళనే.

పెత్రోవిచ్ ఆ వేసవిలోనే స్పెయిన్‌లో ఎస్పాన్యోల్‌కి వెళ్ళిపోయారు. క్లబ్ పాత ఆటగాడు వ్లాదిత్సా పోపోవిచ్ వచ్చి 1991 డిసెంబరు 8న టోక్యోలో చిలీ జట్టు కోలో-కోలోని 3-0తో ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ కప్ తెచ్చారు. కానీ దేశం కింద నేల కదిలిపోతోంది. యుద్ధం వల్ల ఆ సీజన్లో యూరప్ మ్యాచ్‌లని 'సొంతూరు' పేరుతో సెగెద్, బుడాపెస్ట్, సోఫియాల్లో ఆడుకోవలసి వచ్చింది. ప్రోసినెచ్కి మాడ్రిడ్‌కి, మరుసటి ఏడాది సావిచెవిచ్ మిలాన్‌కి, పాంచెవ్ ఇంటర్‌కి, యూగోవిచ్ సాంప్‌డోరియాకి వెళ్ళిపోయారు. 1992 మే 30న ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పడ్డాయి. మూడేళ్ళు యూరప్ తలుపు మూసుకుంది.

తలుపు మళ్ళీ తెరుచుకునేసరికి లోకం మారింది. ఆటగాణ్ణి అమ్మితేనే క్లబ్ కరెంటు బిల్లు కట్టుకునే స్థితి. దెయాన్ స్టాన్కోవిచ్ 1998లో లాజియోకి పోయేటప్పుడు వయసు 19. లూకా యోవిచ్ 2016లో బెన్‌ఫికాకి వెళ్ళేటప్పుడు 18. జాయిచ్ 29తో పోల్చి చూడండి. ఇలాంటి చోట కోచ్ మూడేళ్ళ జట్టు కట్టడం ఎలా? చేతికొచ్చిన పంట ప్రతి జనవరిలో, ప్రతి జూలైలో బండెక్కిపోతుంటే?

దీనికి తోడు క్యాలెండర్. సెర్బియా ఛాంపియన్ జూలై, ఆగస్టుల్లోనే యూరప్ క్వాలిఫయింగ్ ఆడాలి. అప్పటికి అమ్మినవాళ్ళు పోయి ఉంటారు, కొన్నవాళ్ళు విమానం దిగి వారమై ఉంటుంది. 2018-19లో ఛాంపియన్స్ లీగ్ గ్రూపులోకి చేరితే చాలు, ఒక్కో క్లబ్‌కి 1.525 కోట్ల యూరోలు. ఆ నెలన్నరలో కోచ్ ఆ డబ్బు తెచ్చాడా లేదా అన్నదే ప్రశ్న. మిగతా పది నెలలు దాని తర్వాతే.

2005లో స్టోయ్‌కోవిచ్ క్లబ్ అధ్యక్షుడయ్యాక ఇటలీ మాజీ గోల్‌కీపర్ వాల్టర్ జెంగాని తెచ్చారు. లీగూ కప్పూ గెలిచాడు, టర్కీకి వెళ్ళిపోయాడు. దూషాన్ బాయెవిచ్ మరుసటి సీజన్ మధ్యలో మానేస్తే బోష్కో జురోవ్‌స్కీ పూర్తిచేశారు, టైటిల్ మళ్ళీ వచ్చింది. ఆ పైన స్టోయ్‌కోవిచ్ కూడా వెళ్ళిపోయారు. ఇక మొదలైంది చూడండి! 2008లో దాడే తప్ప రక్షణ ఎరగని చెక్ కోచ్ జ్దెనెక్ జెమన్ వచ్చి, సైప్రస్ జట్టు అపోయెల్‌ని దాటలేక యూఈఎఫ్ఏ కప్ క్వాలిఫయింగ్‌లోనే ఆగిపోయి, సీజన్ సరిగ్గా ఊపందుకోకముందే ఇంటికి పోయాడు. తర్వాత కొన్నేళ్ళు ఎవరు ఎప్పుడు వచ్చారో వరసగా చెప్పగలిగిన అభిమానిని పట్టుకోవడం కష్టం. 1982 దాకా ఈ క్లబ్‌కి ఆడిన వ్లాదిమిర్ పెత్రోవిచ్ పీజోన్, బారి వీరుడు ప్రోసినెచ్కి లాంటి సొంత బిడ్డలనీ పిలిచి చూశారు. పేరు చూసి జనం కొన్నాళ్ళు ఓపిక పట్టారంతే. ఈ కాలంలో లీగ్ పార్టిజాన్‌దే. 2014లో స్లొవేనియా కోచ్ స్లావిషా స్టోయనోవిచ్ ఎట్టకేలకు టైటిల్ తెస్తే, అప్పుల బకాయిల వల్ల యూరప్ ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ జ్వెజ్దాని ఛాంపియన్స్ లీగ్‌లోకి రానివ్వలేదు. ఆ చోటు పార్టిజాన్‌కి పోయింది. ఇందులో కోచ్ తప్పేముంది?

2014 చివర్లో జ్వెజ్దాన్ తెర్జిచ్ జనరల్ డైరెక్టరయ్యారు. ఆయన మీద అభిమానుల్లో రెండు వర్గాలున్నాయి, అది వేరే పంచాయితీ. కానీ పైన ఒకే చెయ్యి ఉండటం, కింద కోచ్‌లు మారుతున్నా టైటిళ్ళు ఆగకపోవడం చూస్తే 1986-91 నాటి పోలిక కనిపిస్తుంది. వ్లాదాన్ మిలోయెవిచ్ 2018లో సాల్జ్‌బర్గ్‌లో 2-2 డ్రా చేసి క్లబ్‌ని ఛాంపియన్స్ లీగ్ గ్రూపులోకి చేర్చారు. నవంబరు 6న పావ్కోవ్ రెండు గోల్స్‌తో లివర్‌పూల్ 2-0తో ఓడింది. ఆ లివర్‌పూలే ఆ ఏడాది కప్ గెలిచింది. 2019 డిసెంబరులో మిలోయెవిచ్ వెళ్ళిపోయి దెయాన్ స్టాన్కోవిచ్ వచ్చారు. తర్వాత మిలోష్ మిలోయెవిచ్ ఒక్క సీజన్లో లీగూ కప్పూ గెలిచి దుబాయ్ వెళ్ళారు. ఆ పైన బఖార్. ఆయన వెళ్ళగానే, 2023 డిసెంబరులో, మళ్ళీ పాత వ్లాదాన్ మిలోయెవిచ్‌నే పిలిచారు.

తిరిగి పిలవడమూ ఇక్కడి పాత అలవాటే. ల్యుప్కో పెత్రోవిచ్ 1994లో రెండోసారి వచ్చి 1995 టైటిల్ తెచ్చారు. 2004లో మూడోసారి వచ్చారు. ఆ ఆగస్టులో ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్. పీఎస్‌వీ ఐంథోవన్‌ని బెల్‌గ్రేడ్‌లో 3-2తో గెలిచారు, నెదర్లాండ్స్‌లో 5-0తో ఓడారు. ఏడాది ముగిసేలోపే యూరోపియన్ కప్ తెచ్చిన ఆ కోచ్ స్థానంలో ఇంకొకరు కూర్చున్నారు.