మెగా మ్యాన్, బేస్: చేతిలో ఇమిడే గేమ్‌పై అపోహలు - వాస్తవాలు

గట్టు నుంచి గట్టుకు దూకుతూ సాగే ప్లాట్‌ఫామ్ వీడియో గేమ్‌లకు లెవెళ్లు, అంటే ఆటలోని దశలు, గీయడం నా పని. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారితో నేను తప్పకుండా ఆడించే గేమ్ ‘మెగా మ్యాన్ అండ్ బేస్’. ఆ పేర్లున్న ఇద్దరు రోబోలే ఇందులో హీరోలు. 1998లో జపాన్‌లో, టీవీకి తగిలించి ఆడే సూపర్ ఫామికామ్ యంత్రం కోసం ‘రాక్‌మ్యాన్ అండ్ ఫోర్టే’ పేరుతో వచ్చింది. 2002లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ అడ్వాన్స్‌లోకి చేరి, మరుసటి ఏడాది అమెరికాలోనూ విడుదలైంది. దీని గురించి పదే పదే వినబడే కొన్ని మాటలు సరిదిద్దాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

అపోహ: టీవీలో ఆడే గేమ్‌నే కుదించి చిన్న తెరలో పెట్టారు.

వాస్తవం: కుదించలేదు, అంచులు కత్తిరించారు. బొమ్మల పరిమాణం అలాగే ఉంది, వాటి చుట్టూ కనిపించే చోటు తగ్గింది. సూపర్ ఫామికామ్ చిత్రం 256 × 224 పిక్సెళ్లు, గేమ్ బాయ్ అడ్వాన్స్ తెర 240 × 160. పదహారేసి పిక్సెళ్ల గళ్లుగా లెక్కవేస్తే అడ్డంగా 16 గళ్లు 15 అయ్యాయి. అది పెద్ద నష్టం కాదు. నిలువుగా మాత్రం 14 గళ్లు 10కి పడిపోయాయి. కష్టమంతా అక్కడే ఉంది.

కొత్తవారి చేత అట్టముక్కలో 15 × 10 గళ్ల కిటికీ కత్తిరింపజేసి, పాత లెవెల్ గీసిన గళ్ల కాగితం మీద మెల్లగా జరపమంటాను. హీరో గట్టు అంచున నిలబడి ఉంటాడు, దూకవలసిన గుంటలోని ముళ్లు అట్ట చాటున ఉంటాయి. హీరో తెర నడుమ ఉన్నాడనుకుంటే మునుపు కింద 7 గళ్లు కనబడేవి, ఇప్పుడు 5. పోయిన రెండు గళ్లు అంటే 32 పిక్సెళ్లు. తెర మీది చిత్రం సెకనుకు సుమారు 60 సార్లు మారుతుంది, ఒక్కో మార్పు ఒక ఫ్రేము. ఫ్రేముకు 4 పిక్సెళ్ల చొప్పున పడితే 8 ఫ్రేములు, సెకనులో ఏడో వంతు కూడా కాదు. గాల్లో ఉండగానే కుడికో ఎడమకో మళ్లి ప్రాణం దక్కించుకోవడానికి ఆటగాడికి పనికొచ్చే గడువు అదే. కనుక ఇందులో ఓడిపోయేవారిని చేతకానివారనడం నాకు బాధ కలిగిస్తుంది. పెద్ద తెర కోసం గీసిన గుంట చిన్న తెరకు సరిపోదు, దాన్ని మళ్లీ గీయాలి.

అపోహ: పేరులో ఇద్దరున్నారు కాబట్టి ఇద్దరూ కలిసి ఆడవచ్చు.

వాస్తవం: ఆడలేరు. మొదట్లోనే ఒకరిని ఎంచుకోవాలి, ఆట చివరి వరకు అతనే.

అపోహ: బేస్ అంటే రంగు మార్చిన మెగా మ్యాన్. పైగా గాల్లో రెండోసారి ఎగరగలడు కాబట్టి అతనితో ఆట సులువు.

వాస్తవం: కథలో మెగా మ్యాన్‌ను చేసింది డాక్టర్ లైట్, బేస్‌ను చేసింది అతని ప్రత్యర్థి డాక్టర్ వైలీ. ఆ పోటీ కథలో కన్నా కాళ్లూ చేతుల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. మెగా మ్యాన్ శక్తి కూడబెట్టి ఒక్క పెద్ద దెబ్బ కొడతాడు, నేలబారుగా జారతాడు, పరుగెత్తుతూ కాల్చగలడు. బేస్ పైకీ ఏటవాలుగానూ గురిపెట్టి ఎడతెగకుండా కాలుస్తాడు, కానీ నేల మీద కాల్చాలంటే ఆగి నిలబడాలి. అతని తూటా ఒక్కొక్కటి బలహీనం, మొదట్లో గోడలను దాటదు కూడా. గుంటలు దాటేటప్పుడు బేస్ హాయి. ఎదుటివాడు నిలువనీయకుండా తరిమే పోరాటాల్లో ఆ ఆగడమే ప్రాణం మీదికి తెస్తుంది. ఒకే లెవెల్ ఇద్దరికీ న్యాయంగా ఉండేలా గీయడం ఎంత కష్టమో ఈ పని చేసేవారికి తెలుసు. నేను ఈ గేమ్‌ను ఇష్టపడటానికి అసలు కారణం ఇదే.

అపోహ: మెగా మ్యాన్ సిరీస్ ఎనిమిదో భాగంలోని బొమ్మలను మళ్లీ వాడారు కాబట్టి ఇది బద్ధకపు పని.

వాస్తవం: వాడిన మాట నిజమే. ఇందులోని ఎనిమిది మంది ప్రధాన శత్రు రోబోల్లో టెంగూ మ్యాన్, ఆస్ట్రో మ్యాన్ అక్కడినుంచే వచ్చారు. అయితే ఆ భాగం 1996లో ప్లేస్టేషన్ కోసం వచ్చింది. దాని బొమ్మలను అంతకన్నా పాత యంత్రంలో సాఫీగా కదిలించడానికి ఎంతో నేర్పు కావాలి. కోల్డ్ మ్యాన్, పైరేట్ మ్యాన్ సహా మిగిలిన ఆరుగురు కొత్తవారే.

అపోహ: ఒకసారి గెలిస్తే అంతా చూసినట్టే.

వాస్తవం: లెవెళ్లలో 100 సీడీలు దాచారు, ఒక్కో దానిలో ఒక్కో పాత్ర వివరాలు ఉంటాయి. కొన్ని ఒక హీరోకే అందుతాయి. అన్నీ కావాలంటే రెండోవాడితో మళ్లీ మొదటినుంచి ఆడవలసిందే.