చేతికి అంటితే ఊపిరి ఎందుకు పట్టేస్తుంది?

కారుకు రంగు కొట్టే కార్మికుడు ముక్కుకు మాస్కు బిగించి పని మొదలుపెడతాడు. పని అయ్యాక మాస్కు తీసేసి, స్ప్రే గన్ విప్పి, మిగిలిన రంగును థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడుస్తాడు. చేతులకు తొడుగులు ఉండవు. కొన్ని నెలలకో ఏళ్లకో దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. ఒక్కోసారి పని వేళ ఏమీ ఉండదు, ఇంటికెళ్లి పడుకున్నాక ఆయాసం తన్నుకొస్తుంది. ఆ రంగులను గట్టిపరిచే ఐసోసైనేట్లు వృత్తి వల్ల వచ్చే ఉబ్బసానికి పేరుమోసిన కారణం.

పీల్చిన ఆవిరే దోషి అని చాలాకాలం అనుకున్నారు. జబ్బు ఊపిరితిత్తులది కాబట్టి అలా అనుకోవడం సహజమే. అయితే గాలిలో మోతాదు బాగా తగ్గించిన చోట్ల కూడా కొత్త రోగులు కనిపించడంతో చూపు చర్మం మీదికి మళ్లింది. ఎలుకల చర్మానికి ఐసోసైనేట్ పూసి, కొన్ని రోజులు ఆగి, శ్వాసమార్గంలోకి కొద్దిగా పంపి చూశారు. వాయునాళాలు వాచాయి. ఉబ్బస రోగుల్లో కనిపించే ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు అక్కడ గుమిగూడాయి. ముందుగా చర్మానికి పూయని ఎలుకల్లో అంత స్పందన లేదు.

మనల్ని కాపాడే చర్మపు పై పొర చాలాచోట్ల మిల్లీమీటరులో 50వ వంతుకు మించదు. సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువుకు కొలమానం) లోపు అణువులు దాన్ని దాటగలవు. ఐసోసైనేట్లలో ఒకటైన టోలుయీన్ డైఐసోసైనేట్ 174 డాల్టన్లే. నిజానికి ఇంత చిన్నదాన్ని రోగనిరోధక వ్యవస్థ పట్టించుకోదు. చిక్కల్లా అది మన ప్రోటీన్లకే అతుక్కోవడంతో వస్తుంది. అప్పుడు సొంత ప్రోటీనే పరాయిదిలా కనిపిస్తుంది. చర్మంలో కాపలా కాసే లాంగర్‌హాన్స్ కణాలు ఆ ఆనవాలును దగ్గరలోని లింఫ్ గ్రంథికి మోసుకెళతాయి. (1868లో వీటిని కనిపెట్టిన పాల్ లాంగర్‌హాన్స్ అప్పటికి వైద్య విద్యార్థి. ఇవి నాడీ కణాలనుకున్నాడు!) గ్రంథిలో ఆ ఆనవాలును గుర్తుపట్టిన టీ కణాలు అనే రోగనిరోధక కణాలు రక్తంలో ఒళ్లంతా తిరుగుతాయి. వాటికి చర్మం, ఊపిరితిత్తి అన్న హద్దులు లేవు. తర్వాత ఎప్పుడో పీల్చిన రవ్వంత ఆవిరి చాలు.

దెబ్బతిన్న చర్మం టీఎస్ఎల్‌పీ అనే సంకేత ప్రోటీన్‌ను కూడా వదులుతుంది. చర్మంలో అది అతిగా తయారయ్యే ఎలుకల్లో ఊపిరితిత్తులు అలర్జీకి తేలిగ్గా లొంగాయి. దాన్ని అడ్డుకునే టెజెపెలుమాబ్‌కు 2021లో అమెరికాలో తీవ్ర ఉబ్బసానికి మందుగా అనుమతి వచ్చింది. నాకు ఇంతకన్నా ఆసక్తి కలిగించేది ఫిలాగ్రిన్ కథ. చర్మానికి బిగువునిచ్చే ఈ ప్రోటీన్ జన్యువులో లోపం ఉండి, తామర (ఎగ్జిమా) కూడా ఉన్నవారికి ఉబ్బసం ముప్పు ఎక్కువని 2006లో తేలింది. వాయునాళాల లోపలి పొరలో ఫిలాగ్రిన్ దాదాపు ఉండనే ఉండదు. అంటే లోపం చర్మంలో, జబ్బు ఊపిరిలో.

మనుషుల్లో ఈ దారిని విడదీసి చూపడం కష్టం. ఒకే కార్మికుడు ముట్టుకుంటాడు, పీలుస్తాడు కూడా. అయినా అతని చేతులను ఒకసారి చూడండి. మరకలు పోవాలని థిన్నర్‌తోనే కడుక్కుంటాడు. అది చర్మంలోని కొవ్వును కరిగించి, పగుళ్లు తెప్పించి, మర్నాటి రసాయనానికి తలుపు తీసిపెడుతుంది. పల్చటి రబ్బరు తొడుగులు వేసుకున్నా ఐసోసైనేట్లు వాటిని దాటి రాగలవు. ఉబ్బసంతో వచ్చిన కార్మికుణ్ణి ఏం పీలుస్తున్నావని వైద్యులు అడుగుతారు. చేతులకు ఏం అంటుతోందన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది.