మెల్‌బోర్న్ తొలినాటి వేలంపాటలు: స్థలాలు, ఇళ్లు, కోళ్లు - అపోహలు, వాస్తవాలు

మెల్‌బోర్న్‌లో ఇల్లు కొనే మనవాళ్లకు దస్తావేజులు పరిశీలించి పెట్టడం నా వృత్తి. ఇక్కడ శనివారం వస్తే ఇంటి ముందు వీధిలోనే వేలం జరుగుతుంది. గుంపులో నిలబడి చెయ్యెత్తినవారు గంట తిరక్కుండానే లక్షల డాలర్ల ఒప్పందంలో ఉంటారు. బ్రిటిష్ వలస పాలనలో ఈ ఊరి నేలా, దానిమీద లేచిన ఇళ్లూ, పెరట్లో తిరిగే కోళ్లూ కూడా ఇలా పాటలోనే చేతులు మారాయి. ఆ కాలం గురించి నేను వినే మాటల్లో చాలావరకు పొరపాటువే. అవే పొరపాట్లు నేటి కొనుగోళ్లలోనూ డబ్బు పోగొడుతున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: వేలానికి వచ్చిందంటే అది అప్పుల్లో మునిగినవాడి ఆస్తి.

మన ప్రాంతంలో ఈ భావన ఊరికే పుట్టలేదు. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చాక, శిస్తు బకాయి పడిన జమీందారు ఎస్టేటును వేలం వేసేవారు. ఊళ్లో టముకు వేసి పొలాన్ని పాటకు పెట్టారంటే ఆ కుటుంబం పరువు పోయినట్టే. అయితే ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, జమీందారు లేని హవేలీ భూములను ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా విడగొట్టి అమ్మింది కూడా వేలంలోనే. అది కేవలం అమ్మకం. ఆస్ట్రేలియాలో ఈ రెండో రకమే మామూలు పద్ధతి. ఇంగ్లండుకు తిరిగి వెళ్లేవారు, పెద్ద ఇంటికి మారేవారు, తండ్రి ఆస్తి పంచుకునే వారసులు అందరూ వేలంపాటే పెట్టించేవారు. కొత్తగా కట్టిన ఊళ్లో పక్క స్థలం ఎంతకు పోయిందో చూసి ధర చెప్పడానికి పాత అమ్మకాలే లేవు. పదిమందిలో పాట పెడితేనే ధర తేలేది.

అపోహ: తొలి వలసదారులకు ప్రభుత్వం భూమిని ఉచితంగా పంచింది.

1831కి ముందు న్యూ సౌత్ వేల్స్ గవర్నర్లు భూమిని దానంగా రాసిచ్చిన మాట నిజం. ఆ ఏడాది నుంచి ప్రభుత్వ భూమిని వేలంలోనే అమ్మాలని నిబంధన వచ్చింది. ఎకరానికి సర్కారు పాట 5 షిల్లింగులు, అంటే పావు పౌండు. దానికి తక్కువ అయితే అమ్మేది లేదు. 1842 నాటికి అది ఒక పౌండుకు చేరింది. మెల్‌బోర్న్ ఇంకా ఆ రాజ్యంలో భాగంగా ఉన్నప్పుడే, 1837 జూన్ 1న ఇక్కడ మొదటి స్థలాల వేలం జరిగింది. ఊరి నమూనా గీసిన సర్వేయర్ రాబర్ట్ హాడిలే పాట నిర్వహించాడు. ఒక్కో స్థలం దాదాపు అర ఎకరం, అంటే మన లెక్కలో 50 సెంట్లు. సగటున 35 పౌండ్లు పలికింది. హాడిల్ తాను కూడా రెండు స్థలాలు 54 పౌండ్లకు కొనుక్కున్నాడు. అప్పట్లో అది తప్పుగా ఎవరికీ తోచలేదు. నేడు మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రపు చట్టమైతే, ఏజెంటు తాను అమ్మే ఆస్తిని తానే కొనుక్కోవడాన్ని కొన్ని మినహాయింపులు తప్ప ఒప్పుకోదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ నేల వురుండ్జెరీ అనే మూలవాసులది. 1835లో జాన్ బాట్‌మన్ అనే వలసదారు వారితో ఒక ఒప్పందం రాసుకుంటే, గవర్నర్ రిచర్డ్ బర్క్ అది చెల్లదని అదే ఏడాది ప్రకటించాడు. భూమి అంతా బ్రిటిష్ రాజుదేననీ, మూలవాసులకు అమ్మే హక్కు లేదనీ ఆ ప్రకటన సారాంశం. రెండేళ్లు తిరక్కుండా ప్రభుత్వం ఆ భూమినే పాట పెట్టింది. అలా వచ్చిన డబ్బులో కొంత బ్రిటన్ నుంచి కొత్త వలసదారులను ఓడల్లో రప్పించడానికి ఖర్చయింది. ఈ ఊళ్లో ఏ ఇంటి లింకు డాక్యుమెంట్లు వెనక్కి తిప్పుకుంటూ పోయినా చివరికి తేలేది ప్రభుత్వం చేసిన తొలి అమ్మకమే. దానికి ముందు కాగితం లేదు, మనుషులు ఉన్నారు.

అపోహ: మూడోసారి అని సుత్తి కొట్టగానే అంతా అయిపోయినట్టే.

ఒకరకంగా అప్పుడే మొదలవుతుంది. సుత్తి పడేదాకా పాటదారు తన పాటను వెనక్కి తీసుకోవచ్చని ఇంగ్లండు న్యాయస్థానం 1789లోనే తేల్చింది. పాట అనేది కొంటానన్న ప్రతిపాదన మాత్రమే. సుత్తి దెబ్బే దానికి అంగీకారం. వలస రాజ్యాల్లోనూ అదే న్యాయం నడిచింది. కానీ స్థిరాస్తి విషయంలో నోటిమాట చాలదు, రాత ఉండాలి. అందుకే సుత్తి పడిన వెంటనే పాట నిర్వహించేవాడు ఒప్పందపు కాగితం రాసి సంతకం పెట్టవచ్చు. ఆ ఒక్క పనికి చట్టం అతణ్ని అమ్మినవాడికే కాదు, కొన్నవాడికీ ప్రతినిధిగా భావించింది. మనసు మార్చుకున్న కొనుగోలుదారు “నేను సంతకం పెట్టలేదు” అన్నా తప్పించుకోలేడు.

ఆ తర్వాతి షరతు ఇంకా కఠినం. ఒప్పందం కుదిరాక, రిజిస్ట్రేషన్ కాకముందే ఇల్లు కాలిపోతే నష్టం ఎవరిది? కొన్నవాడిదే. 1801 నాటి తీర్పు ఇది. బూడిదకు కూడా పూర్తి ధర కట్టాలి. విక్టోరియా చట్టం తర్వాతి కాలంలో నివాస గృహాల విషయంలో ఈ కాఠిన్యాన్ని సడలించింది గానీ, ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజే ఇంటికి బీమా చేయించమని నేను ఇప్పటికీ పట్టుబడతాను. మరొకటి: ఇక్కడ మామూలుగా ఇల్లు కొంటే మనసు మార్చుకోవడానికి మూడు పనిదినాల గడువు ఉంటుంది. వేలంలో కొంటే ఆ గడువు లేదు. ఈ సంగతి పాట పాడిన తర్వాత నన్ను అడిగేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

అపోహ: ఇల్లు కొంటే పెరట్లోని కోళ్లు, గూడు కూడా దానితోపాటే వస్తాయి.

ఆనాటి పత్రికల్లో వేలం ప్రకటనల వరస నాకు చాలా ఇష్టం. ముందు ఇల్లు: ఎన్ని గదులు, బావి ఉందా, గుర్రపుశాల ఉందా, స్టేషను ఎంత దూరం. తర్వాత పియానో, భోజనాల బల్ల, పరుపులు. ఆ తర్వాత పాడి ఆవు, గుర్రపు బండి, జీను. చివరికి కోళ్లు, బాతులు, టర్కీలు. చదివేవారికి ఇదంతా ఒకే మూట అనిపిస్తుంది. చట్టానికి ఇవి వేర్వేరు అమ్మకాలు. ఇంటికి ముందు కొంత ధరావత్తు, మిగతాది గడువులోగా. కోళ్లకు అక్కడికక్కడే నగదు. ఒక పుంజు, రెండు పెట్టలు కలిపి ఒక జట్టుగా పాట పెట్టడం నాటుకోళ్ల పెంపకం తెలిసినవారికి కొత్తగా అనిపించదు. జట్టు ఎవరికి ఖాయమైతే, సుత్తి పడిన క్షణం నుంచి అది వారి సొత్తు. గంపలో పెట్టుకుని వెళ్లేలోపు పెట్ట చచ్చినా నష్టం కొన్నవారికే.

గూడు సంగతి ఇంకా సున్నితం. నేలలో గుంజలు పాతి, ఇటుకలతో పునాది కట్టిన కోళ్ల కొట్టం భూమిలో భాగం. అది ఇల్లు కొన్నవారికి చెందుతుంది. తన బరువుతో తాను నిలబడి, ఇద్దరు ఎత్తితే కదిలే గూడు చరాస్తి. అది పాటలో ఎవరు కొంటే వారిది. ఎంత బలంగా అతికి ఉంది, ఏ ఉద్దేశంతో పెట్టారు అన్న రెండు ప్రశ్నలతోనే కోర్టులు దీన్ని తేల్చాయి. నేడు అవే ప్రశ్నలు ఏసీ యంత్రానికి, తోటలోని షెడ్డుకు, గోడకు బిగించిన టీవీకి వేస్తున్నాం.

కోడి చిన్న వస్తువు అనుకోకూడదు. ఆసియా నుంచి వచ్చిన కొచ్చిన్ జాతి కోళ్ల మీద 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండుకు వెర్రి పట్టింది. విక్టోరియా రాణి కూడా పెంచింది. మన ఆసీలు కోడిని తీసుకువెళ్లి కార్న్‌వాల్‌లో ‘ఇండియన్ గేమ్’ అనే జాతిని తయారుచేశారు. అందుకే ప్రకటనల్లో ‘కోళ్లు’ అని ఊరుకోకుండా జాతి పేరు కూడా వేసేవారు.

అపోహ: 1880ల స్థలాల మోజులో షాంపేన్ పోసి అమాయకులకు అంటగట్టారు.

షాంపేన్ నిజం. ఉచిత రైలు టికెట్లు, డేరాలు, భోజనాలు, బ్యాండు మేళం కూడా నిజం. నష్టం చేసింది మాత్రం అవి కావు, వాయిదాలు. కొద్దిపాటి ధరావత్తు కట్టి, మిగతాది ఏళ్ల తరబడి కట్టే వెసులుబాటు ఉంటే, ఇల్లు కట్టాలన్న ఆలోచనే లేనివారు కూడా పాట పాడారు. రెండో వాయిదా రాకముందే ఇంకొకరికి అమ్మేయవచ్చన్నది లెక్క. ఆ ఇంకొకరూ అదే లెక్కలో ఉన్నారు. జనం పొదుపు తీసుకుని ఇళ్లకు అప్పులిచ్చే నిర్మాణ సంఘాలు, బ్యాంకులు ఆ స్థలాల మీదే అప్పులిచ్చాయి. 1891 నుంచి ఒక్కొక్కటే కూలాయి. 1893 మేలో ప్రభుత్వం బ్యాంకులకు ఐదు రోజుల సెలవు ప్రకటించాల్సి వచ్చింది. శివార్లను చుట్టి వేసిన అవుటర్ సర్కిల్ రైలు మార్గంలో చాలా భాగం మొదలైన కొన్నేళ్లకే మూతపడింది. మోసపోయింది అమాయకులేనని చెప్పడం సరికాదు. బెంజమిన్ ఫింక్ ఈ వ్యాపారంలో ఆరితేరినవాడు. దాదాపు 15 లక్షల పౌండ్ల అప్పుకు పౌండుకు అర పెన్నీ చొప్పున తీర్చి బయటపడ్డాడు, అంటే 480 వంతుల్లో ఒక వంతు. మిగతా సొమ్ము పోయింది సంఘాల్లో పొదుపు దాచుకున్నవారిది.

అపోహ: దొంగ పాటలు ఈ కాలపు జబ్బు.

కాదు. గుంపులో తమ మనిషిని నిలబెట్టి ధర పెంచడం ఎంత మామూలంటే, దాన్ని కట్టడి చేయడానికి బ్రిటిష్ పార్లమెంటు 1867లోనే భూముల వేలానికి ప్రత్యేకంగా చట్టం చేసింది. విక్టోరియాలో గట్టి నిషేధం వచ్చింది 2004లో. అమ్మేవారి తరఫున పాట నిర్వాహకుడు తానే పాట పెంచవచ్చు, కానీ అది అమ్మేవారి పాట అని పైకి చెప్పి తీరాలి. ఆ మాట చెవిన పడేలా ముందు వరసలో నిలబడండి.

అపోహ: అప్పటి పత్రాలు ఇప్పుడు దొరకవు.

దొరుకుతాయి. హక్కును ఒకే పత్రంలో నమోదు చేసే టోరెన్స్ పద్ధతి దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో, విక్టోరియాలో 1862లో అమల్లోకి వచ్చింది. అప్పటి స్థలాల పోస్టర్లు విక్టోరియా రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి. 1846 నుంచి నడిచిన ‘ది ఆర్గస్’ పత్రిక సంచికలు జాతీయ గ్రంథాలయం వారి ‘ట్రోవ్’ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవవచ్చు. మీ వీధి పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, పేర్లు మారాయి. మీ లేఅవుట్ ప్లాను మీద ఉన్న పాత ఎస్టేటు పేరుతో, శివారు పేరు కలిపి వెతకండి.