ఒకే క్షణాన్ని ఇద్దరు చూడాలంటే

పర్లాకిమిడిలో మా మామయ్యది బియ్యం టోకు వ్యాపారం. ఒక గోదాము ఊళ్లోనే ఉంది. రెండోది సరిహద్దు దాటగానే వచ్చే పాతపట్నంలో. ఊళ్లు పక్కపక్కనే అయినా ఒకటి ఒడిశా, ఇంకొకటి ఆంధ్రప్రదేశ్. ఏటా మార్చి నెలాఖరున సరుకు లెక్క చూసేవారు. చిన్నప్పుడు నేనూ వెళ్లి ఒక మూల కూర్చునేవాణ్ణి. మేస్త్రి ఒక్కో బస్తా మీద సుద్దముక్కతో గీత పెడుతూ, ఒకటి అనే మాట నోటితో అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, "రెండు, మూడు" అంటూ పైకి చదివేవాడు.

ఒక ఏడాది ఆ లెక్క తేడా వచ్చింది. ఖాతా ప్రకారం పాతపట్నంలో 320 బస్తాలు, పర్లాకిమిడిలో 180, మొత్తం 500 ఉండాలి. లెక్కపెట్టినవి 540 తేలాయి. తక్కువ వస్తే దొంగతనం అనుకోవచ్చు, ఎక్కువ వస్తే ఏమనుకోవాలి? మేస్త్రి మళ్లీ లోపలికి వెళ్లి చూస్తే, పర్లాకిమిడి గోదాములో నలభై బస్తాల మీద రెండేసి గీతలున్నాయి. పాతపట్నంలో లెక్క ముగిశాక ఆ నలభై బస్తాలు లారీ ఎక్కాయి. పర్లాకిమిడిలో లెక్క మొదలయ్యేలోపు దిగాయి. రెండు చోట్లా లెక్క చూసిన ఇద్దరూ నిజాయితీగానే లెక్కపెట్టారు, ఇద్దరి లెక్కా సరైనదే. కానీ ఇద్దరూ చూసింది వేరువేరు క్షణాలను. వాటిని కలిపితే వచ్చిన 540 ఏ క్షణంలోనూ నిజం కాదు.

మరుసటి ఏడాది నుంచి మామయ్య లెక్క రోజున రెండు గోదాములకూ తాళం వేయించాడు. లారీ కదలదు, బేరం లేదు. ఒక రోజు వ్యాపారం పోయినా లెక్క మాత్రం కుదిరేది.

ఇప్పుడు ఆ ఖాతా కంప్యూటర్‌లో ఉంది, దాన్ని చూసుకునేది నేను. రోజూ రాత్రి మొత్తం సమాచారానికి నకలు తీయాలి. పని త్వరగా తెమలాలంటే ఇద్దరు ముగ్గురు పనివాళ్లను పెట్టినట్టు, ఒకే డేటాబేస్ మీద రెండు మూడు ప్రోగ్రాములు ఒకేసారి పనిచేయాలి. ఒకటి పాతపట్నం పట్టికను చదువుతుంటే, ఇంకొకటి పర్లాకిమిడి పట్టికను చదువుతుంది. మధ్యలో ఎవరో "నలభై బస్తాలు ఇటునుంచి అటు" అని నమోదు చేస్తే, నా చిన్ననాటి 540 మళ్లీ ప్రత్యక్షమవుతుంది. పట్టికలకు తాళం వేయడం ఒక దారి. కానీ బ్యాంకుకో రైల్వే రిజర్వేషన్‌కో రోజూ తాళం వేయగలమా?

దీనికి జవాబు బీజం 1978లో డేవిడ్ రీడ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఎంఐటీకి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఉంది. పాత విలువను చెరిపి దాని మీద కొత్తది రాయకు, పాతదాన్ని ఉండనిచ్చి పక్కనే కొత్త ప్రతి పెట్టు. ఆలోచన అంతే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఉచిత డేటాబేస్ 1999 నుంచి ఈ పద్ధతినే అనుసరిస్తోంది. డేటాబేస్‌తో ఒక విడతగా జరిపే పనిని లావాదేవీ అంటారు. అందులో సమాచారాన్ని మార్చే ప్రతి లావాదేవీకీ ఒక వరుస సంఖ్య ఉంటుంది. పట్టికలోని ప్రతి నమోదు మీదా, దాన్ని పుట్టించిన లావాదేవీ సంఖ్య ఒకటి, దాన్ని రద్దుచేసిన లావాదేవీ సంఖ్య మరొకటి గుర్తుగా ఉంటాయి. నాకు ఇది మేస్త్రి సుద్దగీతలాగే అనిపిస్తుంది. బస్తా ఎక్కడున్నా, దాని చరిత్ర దాని మీదే ఉంటుంది.

ఇక ఒక క్షణపు దృశ్యాన్ని పట్టి ఉంచే స్నాప్‌షాట్ సంగతి. ఆ పేరు వినగానే ఫోటో తీసినట్టు మొత్తం సమాచారాన్ని ఎక్కడో దాచిపెడతారని అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికి స్నాప్‌షాట్‌లో సమాచారం ఒక్క ముక్క కూడా ఉండదు. అందులో ఉండేవి కొన్ని సంఖ్యలు మాత్రమే. ఉదాహరణకు 100, 104, ఆ పక్కన ఇంకా నడుస్తున్నవాటి జాబితాగా 100, 102. దీని అర్థం ఇది: 100 కంటే ముందు సంఖ్యలున్న లావాదేవీలన్నీ తేలిపోయాయి, విజయవంతంగా ముగిసినవాటి ఫలితాలను చూడవచ్చు. 104, ఆపై సంఖ్యలవి ఈ క్షణానికి ఇంకా లేనట్టే. మధ్యలో 101, 103 ముగిశాయి, 100, 102 ముగియలేదు కాబట్టి వాటి పని కళ్లబడకూడదు. ఈ చీటీ చేతిలో పెట్టుకుని ఒక్కో నమోదు మీది గుర్తులు చూస్తూ పోతే, ఏది కనిపించాలో ఏది కనిపించకూడదో తేలిపోతుంది. లారీ కదులుతూనే ఉంటుంది, చీటీ పట్టుకున్నవాడికి మాత్రం పాత గోదామే కనిపిస్తుంది.

స్నాప్‌షాట్ ఇంత చిన్న చీటీ కాబట్టే దాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. రెండు ప్రోగ్రాములను ఒకేసారి మొదలుపెట్టినంత మాత్రాన వాటికి ఒకే దృశ్యం దొరకదు. ఎంత తొందరపడినా రెండు మొదళ్ల మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది, నలభై బస్తాలు దాటడానికి ఆ సందు చాలు. అందుకే 2012లో వచ్చిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 9.2 సంచికలో ఒక లావాదేవీ తన స్నాప్‌షాట్‌కు ఒక గుర్తింపు పేరు పెట్టి బయటికి ఇచ్చే వీలు కల్పించారు. రెండో లావాదేవీ మొదలవగానే, ఇంకా ఏ ప్రశ్నా అడగకముందే, ఆ పేరు చెప్పి అదే దృశ్యాన్ని తెచ్చుకుంటుంది. ఆ మరుసటి ఏడాది వచ్చిన 9.3లో నకలు తీసే ప్రోగ్రాము ఈ ఆసరాతోనే ఒకేసారి అనేక చేతులతో పనిచేయడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పంచుకునేది అప్పటికే స్థిరపడిన సమాచారాన్ని మాత్రమే. చీటీ ఇచ్చిన లావాదేవీ తాను చేసిన, ఇంకా ఖరారు చేయని మార్పులు తనకే కనిపిస్తాయి, పుచ్చుకున్నవాళ్లకు కనిపించవు.

మనుషులను లెక్కించేవారు కంప్యూటర్లు రాకముందు నుంచే ఇలా ఒక క్షణాన్ని పంచుకుంటున్నారు. 2011 జనగణనలో, మంచు కప్పే కొన్ని ప్రాంతాల్లో తప్ప, లెక్క సిబ్బంది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటింటికీ తిరిగారు. కానీ లెక్క చెల్లేది మార్చి 1, సున్నా గంటల క్షణానికే. ఇల్లూవాకిలీ లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. ఆ తర్వాత మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ ఇళ్లకు వెళ్లి, ఈలోగా పుట్టినవారిని చేర్చి, పోయినవారిని తీసేసి, ఆ క్షణానికి సరిచేశారు. ఆ మూడు వారాల్లో పాతపట్నం నుంచి పర్లాకిమిడికి కాపురం మార్చిన కుటుంబం రెండు రాష్ట్రాల్లోనూ లెక్కకు ఎక్కకూడదు, రెండింటిలోనూ జారిపోకూడదు. లక్షలమంది సిబ్బంది చేతిలో ఉన్న చీటీ ఆ ఒక్క క్షణమే. జనగణనకు పాత ప్రతులు లేవు కాబట్టి రెండోసారి గడప తొక్కాల్సివచ్చింది. పాత ప్రతులను దాచుకునే డేటాబేస్‌కు ఆ అవసరం లేదు. రాబోయే గణనకు 2027 మార్చి 1 సున్నా గంటలను ప్రకటించారు. లడఖ్‌కూ, మంచు కప్పే కొన్ని కొండ ప్రాంతాలకూ మాత్రం 2026 అక్టోబరు 1. మంచు ముందు తప్పని ఏర్పాటే అయినా, ఒకే దేశపు లెక్కకు రెండు చీటీలు అన్నమాట.

పాత ప్రతులను దాచడం ఊరికే రాదు. ఒక స్నాప్‌షాట్ ఎవరో ఒకరి చేతిలో ఉన్నంతసేపు, దానికి అవసరం కాగల పాత నమోదులను ఊడ్చే వీలులేదు. ఒకసారి ఒక లావాదేవీని తెరిచి మూయడం మరచి ఇంటికి వెళ్లిపోయాను. తెల్లారేసరికి చిన్న పట్టిక కాస్తా పాత ప్రతులతో ఉబ్బిపోయి, రోజూ చిటికెలో వచ్చే జవాబు నత్తనడక నడిచింది. అలాగని తొందరపడి మూసినా చిక్కే. చీటీ ఇచ్చిన లావాదేవీ ముగిసిపోతే ఆ పేరు ఇక చెల్లదు, ఆ తర్వాత వచ్చినవారికి దృశ్యం దొరకదు. అప్పటికే తెచ్చుకున్నవారు మాత్రం తమ పని తాము నిశ్చింతగా చేసుకోవచ్చు.

మామయ్య ఖాతాకు నకలు రాత్రి పదకొండుకు మొదలవుతుంది. మొన్న ఒక రాత్రి అది నడుస్తుండగానే పాతపట్నం గుమాస్తా నలభై బస్తాల బదిలీ నమోదు చేశాడు. పొద్దున రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. నకలులో 320, 180. నడుస్తున్న ఖాతాలో 280, 220. రెండు చోట్లా మొత్తం 500.