ఎండను తగ్గిస్తే కృష్ణకు చేరే నీరెంత?

కృష్ణా జలాల పంపకం గురించి ఎక్కడ చర్చ మొదలైనా చివరికి 2,060 టీఎంసీల లెక్క దగ్గరికే వస్తుంది. 1894-95 నుంచి 1971-72 వరకు 78 సంవత్సరాల ప్రవాహాలను పరిశీలించి, నూటికి 75 ఏళ్లు తప్పక లభించే నీరు ఇంత అని బచావత్ ట్రైబ్యునల్ తేల్చింది. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. గడచిన కాలంలో కురిసిన తీరునే వానలు ఇకమీదటా కురుస్తాయన్న భావనే ఈ లెక్కకు పునాది. భూతాపం ఆ పునాదిని ఇప్పటికే కదిలిస్తోంది. సూర్యకాంతిని కొంత అడ్డుకుని భూమిని చల్లబరచాలన్న ప్రతిపాదన, అంటే సోలార్ జియోఇంజనీరింగ్, దాన్ని మరోవైపు నుంచి కదిలించగలదు.

సుమారు 20 కిలోమీటర్ల ఎత్తున స్ట్రాటోస్ఫియర్‌లో విమానాలతో గంధక సమ్మేళనాలను వెదజల్లితే, అక్కడ ఏర్పడే సన్నని తుంపరలు కొంత ఎండను అంతరిక్షంలోకి తిప్పికొడతాయి. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో అగ్నిపర్వతం పేలినప్పుడు జరిగింది ఇదే. భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు అర డిగ్రీ పడిపోయింది. ఆ చల్లదనం గురించి అందరూ చెబుతారు గానీ నదుల సంగతి ఎత్తేవారు తక్కువ. ఆ ఏడాది అక్టోబరు నుంచి మరుసటి సెప్టెంబరు వరకు ప్రపంచవ్యాప్తంగా నేలపై వానలు, నదులు సముద్రంలో కలిపే నీరు బాగా తగ్గాయి. ఎల్ నినో ప్రభావాన్ని పక్కకు తీసి చూసినా ఆ లోటు మిగిలే ఉంది.

కారణం సూటిగానే ఉంది. నేల మీది, సముద్రం మీది నీటిని ఆవిరి చేసే శక్తి ప్రధానంగా ఎండదే. కార్బన్ డయాక్సైడ్ తెచ్చిన వేడిని ఎండ తగ్గించి పూర్తిగా రద్దు చేస్తే ఉష్ణోగ్రత పాత స్థాయికి వస్తుంది గానీ, ప్రపంచ సగటు వర్షపాతం పాత స్థాయికంటే కిందికి పోతుందని జి. బాల, ఆయన సహచరులు 2008లోనే చూపించారు. ఆయన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త.

అయితే వాన తగ్గినంత మాత్రాన నది తగ్గాలని లేదు. నదికి చేరేది వానలోంచి ఆవిరి పోగా మిగిలినది. ఒక పరీవాహక ప్రాంతంలో ఏటా 800 మిల్లీమీటర్ల వాన పడి, 640 ఆవిరై, 160 నదిలో చేరుతుందనుకుందాం. వాన 40 తగ్గి, ఆవిరి 20 మాత్రమే తగ్గితే నదికి 140 మిగులుతుంది; వానలో 5 శాతం లోటు నదిలో పన్నెండున్నర శాతమైంది. ఆవిరి 50 తగ్గితే మాత్రం నదికి 170 వస్తుంది. రెండు పెద్ద అంకెల మధ్య తేడాయే నది కాబట్టి, వాటిలో ఏ చిన్న పొరపాటైనా నది దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది.

కృష్ణ విషయంలో ఇంకో చిక్కుంది. మహాబలేశ్వరం దగ్గర ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అక్కడి నుంచి తూర్పుకు కొద్ది దూరం వచ్చేసరికి మెట్ట నేలలే. నదికి ప్రాణం పోసేది పడమటి కనుమల సన్నని పట్టీ. అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలి బలాన్ని బట్టి అక్కడ వాన పడుతుంది, ఆ బలం నేలకూ సముద్రానికీ మధ్య ఉండే వేడి తేడా మీద చాలావరకు ఆధారపడుతుంది. ఎండను తగ్గిస్తే వేసవిలో నేల తక్కువగా కాగుతుంది. గంధకాన్ని ఉత్తరార్ధగోళంలోనే చల్లితే ఉష్ణమండల వానల పట్టీ దక్షిణానికి జరిగి రుతుపవనాలు మరింత బలహీనపడతాయని వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టే నమూనాలు చెబుతున్నాయి. కానీ వంద కిలోమీటర్ల గడులతో లెక్కకట్టే నమూనాకు కనుమల పట్టీ సరిగా కనిపించదు. అందుకే ప్రపంచ సగటులను కృష్ణకు అన్వయించడం నాకు సమ్మతం కాదు.

జూలైలో సాగర్ కాలువ చివరి తూము కింద నారు పోసుకున్న రైతు, 590 అడుగుల పూర్తి మట్టం ఉన్న జలాశయంలో నీరు ఎన్ని అడుగుల దగ్గరుందో రోజూ పేపరులో చూస్తాడు. వరద ఇరవై రోజులు ఆలస్యమైతే, ఏడాది మొత్తం లెక్క సరిపోయినా, ఆయన నారు ముదిరిపోతుంది.

మేలు జరిగే అవకాశం లేదని కాదు. చల్లని గాలి తక్కువ తేమను మోస్తుంది కాబట్టి కుండపోతలు తగ్గవచ్చు. 2009 అక్టోబరులో సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద శ్రీశైలాన్ని ముంచెత్తడం చూసినవారికి అది చిన్న విషయం కాదు. కానీ ఆ తుంపరలు ఏడాది, రెండేళ్లకు మించి పైన నిలవవు. ఏటా చల్లుతూ ఉండాలి. ఆపితే అణచిపెట్టిన వేడి కొన్నేళ్లలోనే తిరిగి వస్తుంది. మోతాదు మారినప్పుడల్లా వాన తీరూ మారుతుంటే, 75 శాతం లభ్యతను తేల్చడానికి 78 ఏళ్ల వరుస మళ్లీ ఎక్కడా దొరకదు.